ఆసామి తుపాకీ మన భుజాన ఎందుకు?



ఈమధ్య మన పిల్లల మాటల్లో ఒక ప్రశ్న బాగా తిరుగుతోంది. పొలం బండిలో పెట్టుకోడానికి ఏ తుపాకీ మంచిది? 22 సరిపోద్దా, 315 కావాలా, 12 బోరు అయితే ఎట్టా ఉంటది? అమెరికా రైతుల వీడియోలు చూసి వస్తున్న ప్రశ్న ఇది. అక్కడ పికప్ బండి సీటు వెనక ఒక రైఫిలు పడేసి ఉంచుతారు, దాన్ని ట్రక్ గన్ అంటారు. మన దగ్గర ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించే పెట్టె. అందులో వడ్ల బస్తాలు, కూలీలు తప్ప తుపాకీ ఎవరూ చూసి ఉండరు.

ఊరికే సరదా ప్రశ్న అయితే మేము పట్టించుకునేవాళ్లం కాదు. కానీ తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల రాత్రి కాపలాకి పోయేది ఎక్కువగా మన యానాది, ఎరుకల ఇళ్ల మగపిల్లలే. రొయ్యల చెరువు కాపలా, మొక్కజొన్న చేను కాపలా, లంకల్లో అరటి తోట, కంద తోట కాపలా. సెలవులకి ఇంటికొచ్చిన డిగ్రీ పిల్లలు కూడా నాన్న బదులు, అన్న బదులు ఆ మంచె ఎక్కుతున్నారు. అట్టాంటి చోట ఆసామి వచ్చి, "ఒరే, ఇది నీ దగ్గర ఉంచుకో, పంది వస్తే కొట్టు" అంటే ఏం చెప్పాలి? ఆ జవాబు ముందే తెలిసి ఉండాలి. మా అభిప్రాయం మొదటే చెప్తున్నాం: రైఫిలు మన నేలకి పనికిరాదు. పంటకి తుపాకీ తప్పదనుకుంటే అది ఆసామి పేరు మీద, ఆసామి చేతిలోనే ఉండాలి. మన పిల్లల చేతిలో వద్దు. ఎందుకో వివరంగా చెప్తాం.

ముందు బోరు సంగతే మాట్లాడుకుందాం, ప్రశ్న అదే కాబట్టి.

22 రైఫిలు తూటా చిన్నది, మోత తక్కువ. ఎన్‌సీసీలో చేరిన మనవాళ్లు కాల్చి ఉంటారు. అది అడవిపందికి చాలదు. దెబ్బ తిన్న పంది చావదు, తుప్పల్లోకి పోయి పడుకుంటది. పొద్దున నీళ్లు కట్టడానికి పోయిన మనిషి మీదకి వస్తది. చిన్న తూటా కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, అదే తూటా గురి తప్పితే మైలు దూరం పోగలదు. 315 ఇంకో రకం. మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో పౌరుల కోసం తయారుచేసే రైఫిలు అది. సైన్యం వాడే 303 తూటా జనం చేతికి రాకూడదని బ్రిటిష్ వాళ్లు కట్టడి పెట్టినందువల్ల ఈ 315 మన దేశంలో పాతుకుపోయింది. పందిని పడేసే బలం దానికి ఉంది. 30-06 అయితే ఇంకా బలం. కానీ ఆ తూటా పందిని తగలకపోతే, లేదా తగిలి అవతలికి దూసుకుపోతే, ఎక్కడ ఆగుద్ది? 30-06 తూటా మూడు నాలుగు కిలోమీటర్లు దాటి కూడా పోగలదు.

మన నేల ఒకసారి కళ్లముందుకు తెచ్చుకోండి. తెనాలి నుంచి రేపల్లె దాకా అరచేయి లాంటి నేల. తూటాని ఆపడానికి కొండ లేదు, గుట్ట లేదు, ఎత్తయిన గట్టు కూడా లేదు. ఉన్నవల్లా కాలవ కట్టలు, ఆ కట్టల మీద మన గుడిసెలు. వెయ్యి ఎకరాల పశువుల బీడులో ఒక్కడే తిరిగే అమెరికా రైతుకీ, ఎకరంన్నర కౌలు చేసుకునే మన రైతుకీ పోలిక ఎక్కడిది? ఈ గట్టు దాటితే ఇంకొకరి చేను. ఆ చేను దాటితే రోడ్డు, రోడ్డు దాటితే రైలు కట్ట. చీకట్లో కాలవ మీద పీతల బుట్టలు ఎత్తేవాడు, చెరువుకి మేత వేసేవాడు, తెల్లవారుజామున నాట్లకి బయల్దేరే ఆడకూలీలు, ఎవరు ఎక్కడ ఉన్నారో మంచె మీద వాడికి కనపడదు. పైగా మన దగ్గర ఎటు చూసినా నీళ్లు. నీటి మీద ఏటవాలుగా తగిలిన తూటా మునగదు, ఎగిరి ఇంకో దిక్కుకి పోద్ది. ఇవన్నీ చూస్తే రైఫిలు అనే మాటే మన డెల్టాకి సరిపడదు.

ఇక 12 బోరు. దీని గొట్టం లోపల మరలు ఉండవు, నున్నగా ఉంటది. పెద్ద గుళ్ల తోటా వేస్తే ముప్పై నలభై మీటర్ల లోపల పందికి పనిచేస్తది. ఆ దూరం దాటితే బలం త్వరగా తగ్గిపోద్ది. చదును నేలలో ఆ బలహీనతే దాని మంచి గుణం. చట్టం కూడా ఇంచుమించు ఇదే దారిలో ఉంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ అనే మాట విడిగా ఉంది. నిజంగా పంట కాపాడుకోడానికి అడిగిన రైతుకి, మిగతా అర్హతలు ఉంటే, గొట్టం నోట్లోంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలంటది. అది సరిపోదని అధికారి నమ్మితే కనీసం 20 అంగుళాల గొట్టం ఉన్న నున్నటి గొట్టం తుపాకీకి ఇవ్వొచ్చంటది. పంట రక్షణ కింద చట్టం రైఫిలు పేరు ఎత్తలేదు. కాబట్టి "ఏ క్యాలిబర్" అని గంటల తరబడి వాదించుకునే తమ్ముళ్లు, ఆ వాదన చట్టంలోనే సగం తేలిపోయిందని తెలుసుకోండి.

మిగతా సగం ఇంకా ముఖ్యం. తుపాకీ ఎవరిది, ఎవరి చేతిలో ఉంది?

లైసెన్సు అనేది మనిషికి ఇస్తారు, పొలానికి కాదు. ఆసామికి లైసెన్సు ఉంది కదా, మనం పట్టుకుంటే ఏంది అనుకుంటారు. తప్పు. లైసెన్సు ఉన్నవాడి ఎదురుగా గానీ, అతను రాసిచ్చిన కాగితంతో గానీ ఇంకొకరు తుపాకీ మోయొచ్చని చట్టంలో ఉంది. అది కూడా రిపేరుకి, లైసెన్సు రెన్యువల్‌కి, లేదా ఆ లైసెన్సుదారుడే వాడుకోడానికి మాత్రమే. ఆసామి ఇంట్లో నిద్రపోతుంటే మనం మంచె మీద అతని తుపాకీ పట్టుకుని కూర్చోడం ఇందులోకి రాదు. లైసెన్సులో రిటైనర్‌గా మన పేరు ఎక్కించారా అని అడగండి. ఎక్కించకపోతే ఆ రాత్రి మనం లైసెన్సు లేని మనిషి కిందే లెక్క. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. నాటు తుపాకీ తయారుచేస్తే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. పైపు ముక్కతో చేసిన ఆ నాటు తుపాకీ పగిలితే ముందు పోయేది పట్టుకున్నవాడి చెయ్యే, ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత పంది. అడవిపందిని కొట్టడం కూడా ఊరికే జరిగే పని కాదు. 1972 వన్యప్రాణి చట్టంలో అది రెండో షెడ్యూల్ జంతువు. పంటకి నష్టం చేస్తుంటే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ కాగితం లేకుండా కొడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అంటే తుపాకీకి ఒక కాగితం, పందికి ఒక కాగితం. మన పిల్లవాడి దగ్గర రెండూ ఉండవు.

చెరువుల దగ్గర ఎయిర్‌గన్ కూడా ఇట్టాంటిదే. చిన్న సైజు ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదన్నది నిజమే. కానీ దాంతో కొంగని, నీటికాకిని కొడితే అది వేటే. తుపాకీ కేసు తప్పినా పిట్ట కేసు తప్పదు.

"మనం గిరిజనులం, వేట మన హక్కు" అనే మాట కొందరు తమ్ముళ్లు గట్టిగా అంటున్నారు. ఆ మాట వెనక ఉన్న బాధ మాకు తెలుసు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం మనకి సంప్రదాయంగా వచ్చిన హక్కుల్ని గుర్తిస్తూనే వేటని, ఉచ్చుల్ని పేరు పెట్టి మినహాయించింది. ఆ చట్టం చూపించి కోర్టులో బయటపడతాం అనుకోవద్దు.

ఇప్పుడు అసలు మాట. ఇదే తుపాకీ ఆసామి కొడుకు చేతిలో కనపడితే ఒక కథ, మన పిల్లవాడి చేతిలో కనపడితే ఇంకో కథ. ఎందుకో బాపట్ల వాళ్లకి చెప్పక్కర్లేదు. 1871లో బ్రిటిష్ వాళ్లు కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్థులన్నారు. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి ఈ దేశపు జనం దగ్గర లైసెన్సు లేని తుపాకీ ఉండకూడదన్నారు. 1911 చట్టంతో ఆ నేరస్థ జాతుల ముద్ర మద్రాసు ప్రెసిడెన్సీలో మన ఎరుకల మీద కూడా పడింది. 1913లో బాపట్ల, చీరాల మధ్యన ఎరుకల కుటుంబాల్ని తెచ్చి సెటిల్మెంట్ పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించి, ఒక తెల్లదొర పేరు మీద స్టూవర్టుపురం అన్నారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం సినిమాల్లో, జనం నోళ్లలో ఇంకా రద్దు కాలేదు. ఆ ఊరి పేరు చెప్తే అద్దెకి గది ఇవ్వనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అట్టాంటి ఇంటి పిల్లవాడి దగ్గర ఆసామి తుపాకీ దొరికితే, "ఇది పంది కోసమండీ" అన్న మాట ఎవరు వింటారు? ఆ రోజు ఆసామి "నేనివ్వలేదు, వాడే తీసుకున్నాడు" అంటే మన దగ్గర ఏ కాగితం ఉంది?

కేసు పడితే కోర్టు చుట్టూ తిరగడం ఒక్కటే కాదు. కానిస్టేబుల్ ఉద్యోగం, సైన్యం, రైల్వే, గ్రూప్ పరీక్షలు, అన్నిట్లో చివర పోలీసు వెరిఫికేషన్ ఉంటది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్లవాడి మీద, ఒక్క రాత్రి కూలి కోసం, ఆ గీత పడకూడదు.

రైతు బాధ అబద్ధమని మేము అనడంలేదు. ఒక్క రాత్రిలో పంది మంద మొక్కజొన్న తొక్కేస్తే ఆ కుటుంబం ఆరు నెలల కష్టం పోద్ది. మనలోనూ కౌలు రైతులున్నారు, ఆ ఏడుపు మనకీ తెలుసు. తుపాకీ వద్దంటే మరి కరెంటు తీగ పెట్టుకోమంటారా అని అడిగేవాళ్లున్నారు. అది ఇంకా ఘోరం. తుపాకీకి కనీసం పట్టుకున్న మనిషి ఉంటాడు. తీగకి పందీ మనిషీ ఒకటే. చీకట్లో ఎలకలకో చేపలకో పోయి ఆ తీగ తొక్కేది ముందు మనవాళ్లే. ఆసామి చెప్తే తీగ కట్టిన కూలీ కూడా ముద్దాయి అవుతాడు.

మరి ఏం చేయాలి? మాకు తోచింది ఇది.

ఒకటి. కాపలా పని ఒప్పుకునేటప్పుడే ముగ్గురు నలుగురి ఎదుట తేల్చుకోండి: టార్చి, డప్పు, కేకలు, కుక్కలు వరకే మా పని, తుపాకీ, తీగ, నాటు బాంబు మేము ముట్టుకోం. ఒంటరిగా ఒక్కడు అంటే పని పోద్ది. పేటలో అందరూ ఒకే మాట మీద ఉంటే ఆసామి ఇంకెవర్ని తెస్తాడు? అడ్వాన్సు తీసుకున్నావు కాబట్టి చెప్పింది చెయ్యాలి అంటే, బాకీ కింద మనిషిని కట్టిపడేయడం 1976 నుంచే నేరమని, మనవాళ్ల మీద చేస్తే అట్రాసిటీ చట్టం కూడా వర్తిస్తదని గుర్తుచేయండి.

రెండు. పందుల బెడద నిజంగా ఉన్న ఊళ్లలో రైతుల తరఫున అర్జీ రాయడంలో మనమే ముందుండాలి. చదువుకున్నది మనం. లైసెన్సు అర్జీ కలెక్టర్‌కి, పంది అనుమతి అర్జీ అటవీ శాఖకి. రేపల్లె వాళ్లకి 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం బాపట్ల, తెనాలి వాళ్లకి గుంటూరే. నష్టపోయిన చేను ఫొటో, సర్వే నంబరు, తేదీ పెట్టి రాస్తే ఆ కాగితానికి బరువుంటది. కొట్టాల్సి వస్తే లైసెన్సు, అనుమతి రెండూ ఉన్నవాడే వచ్చి కొడతాడు.

మూడు. డెల్టాలో వరికి పంది కన్నా పెద్ద శత్రువు ఎలక, పందికొక్కు. దానికి ఏ బోరూ అక్కర్లేదు. బుట్ట పెట్టడం, కన్నం చూసి లోపల ఎలక ఉందో లేదో చెప్పడం, పొగ పెట్టడం మన యానాది తాతల దగ్గర ఉన్న విద్య. ఊరంతా ఒకేసారి చేస్తేనే ఎలకల మందు పనిచేస్తదని వ్యవసాయ శాఖ వాళ్లూ చెప్తారు. ఆ సామూహిక పనికి మన పేటలు జట్టుగా, ఎకరానికి ఇంత అని రేటు పెట్టి ఒప్పుకోవాలి. బాపట్ల వ్యవసాయ కాలేజీ 1945 నుంచి మన పక్కనే ఉంది. అక్కడ చదివే మన పిల్లలు ఈ పని మీద ఒక ప్రాజెక్టు ఎందుకు చేయకూడదు?

తుపాకీ మీద నిజంగా ఇష్టం ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎన్‌సీసీలో చేరండి. అక్కడ 22 రైఫిలు పద్ధతిగా పట్టుకోవడం నేర్పుతారు, సర్టిఫికెట్ ఇస్తారు, అది రేపు ఉద్యోగానికి పనికొస్తది. ఆసామి మంచె మీద పట్టుకున్న తుపాకీ ఇచ్చే కాగితం ఒక్కటే, ఎఫ్ఐఆర్.

మీ పేటలో ఎవరైనా ఇప్పటికే ఆసామి తుపాకీ ఇంట్లో దాచి ఉంటే, ఈ రాత్రే మాట్లాడండి. రేపు పొద్దున్నే పెద్దవాళ్లు నలుగురు వెంట వెళ్లి, ఎవరిది వాళ్లకి అప్పగించి రమ్మనండి.