స్కూటరు మీద మూడు తలలు

మాంగోకు బదిలీ అయిందని ఫోన్లో చెప్పగానే మా అమ్మ, "అక్కడ మామిడికాయలు చవకా?" అని అడిగింది. మామిడికాయల మాటేమో గానీ, పొద్దున ఏడింటికి సువర్ణరేఖ వంతెన మీద స్కూటర్లు మాత్రం లెక్కలేనన్ని. సాక్చీ వైపు వెళ్ళే ఒక స్కూటరును రోజూ చూస్తాను. నడిపే నాన్నకు హెల్మెట్టు ఉంటుంది. ముందు నిలబడ్డ ఆరేళ్ళ పాపకు ఉండదు. వెనక కూర్చున్న తాతగారికి మఫ్లరు ఉంటుంది.

పిల్లలూ, ఆ స్కూటరు జారి ముగ్గురి తలలకూ ఒకేలాంటి దెబ్బ తగిలిందనుకోండి. జరిగే నష్టం ఒకేలా ఉండదు. ముగ్గురిలోకీ కాస్త తట్టుకోగల తలకే హెల్మెట్టు ఉంది!

తాతగారి సంగతి చూడండి. వయసు మీద పడేకొద్దీ మెదడు కొంచెం కుంచించుకుపోయి, పుర్రెకూ దానికీ మధ్య జాగా పెరుగుతుంది. ఆ జాగాను దాటి వెళ్ళే సన్నటి సిరలు సాగి ఉంటాయి. చిన్న కుదుపుకే ఒకటి తెగి, రక్తం మెల్లగా ఊరుతుంది. ఖాళీ ఉంది కాబట్టి వెంటనే ఏమీ తెలియదు. రెండు మూడు వారాలకు నడక తడబడుతుంది, మతిమరుపు వస్తుంది. మా తాతయ్యకు అలా అయితే మేమంతా "వయసైపోయింది కదా" అనుకున్నాం. గడప తగిలి పడ్డ సంగతి ఆయనే మరిచిపోయారు. స్కాను తీయించాక, పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి ఆ రక్తం తీసేశారు. కొద్ది రోజులకే మళ్ళీ పేపరు పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. రక్తం పలచబడే మందులు వాడేవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇక పాప. "పసిబుర్ర, ఇట్టే కోలుకుంటుంది" అంటారు పెద్దలు. ఈ మాటకు శాస్త్రంలోనూ కొంత ఆధారం ఉంది. 1930లలో మార్గరెట్ కెనార్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కోతుల మీద ప్రయోగాలు చేశారు. మెదడులో కదలికలను నడిపే భాగం దెబ్బతింటే, పెద్ద కోతులకంటే పిల్ల కోతులే బాగా కోలుకున్నాయి. నిజమే. కానీ అక్కడ దెబ్బ ఒక్కచోటే. రోడ్డు మీద పడితే మెదడంతా కుదుపు తింటుంది. చిన్నపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ బలం తక్కువ, పుర్రె పలచన. పైగా పెద్దవాళ్ళు నేర్చుకున్నదాంట్లో కొంత పోగొట్టుకుంటారు. పిల్లలకైతే ముందుముందు నేర్చుకునే శక్తికే దెబ్బ తగలవచ్చు. ఆలోచించి అడుగు వేయడం, కోపాన్ని ఆపుకోవడం చూసుకునే ముందరి భాగం ఇరవై ఏళ్ళు దాటినా పెరుగుతూనే ఉంటుంది. అందుకే తీవ్రమైన దెబ్బ అయిదేళ్ళకు తగిలితే, దాని ఫలితం పన్నెండేళ్ళకు బయటపడవచ్చు. భయపడకండి, చిన్న దెబ్బలు చాలావరకు కొద్ది వారాల్లోనే తగ్గిపోతాయి.

నాలుగేళ్ళు దాటిన వాళ్ళకు హెల్మెట్టు తప్పనిసరి అని 2019 చట్ట సవరణ చెప్పింది. 2022లో వచ్చిన నియమం అంతకంటే చిన్నవాళ్ళనూ కలిపింది. చట్టం ఉంది, వంతెన మీద మాత్రం కనిపించదు.

నా అసలు బాధ వేరే. అయిదేళ్ళకు దెబ్బ తగిలిన పిల్లలు పన్నెండేళ్ళకు ఏ ఊళ్ళో ఉంటారు? మనలాంటి ఇళ్ళలో ఈలోగా రెండు మూడు బడులు మారిపోతాయి. ఇంతకుముందు పనిచేసిన ఒక ఊళ్ళో, ఏడో తరగతి అబ్బాయి హోంవర్కు మరిచిపోతున్నాడని, ఊరికే విసుక్కుంటున్నాడని నేను చాలాసార్లు నిలబెట్టాను. పరీక్షలయ్యాక వాళ్ళమ్మగారు మాటల్లో చెప్పారు: ఆరేళ్ళప్పుడు, రెండు పోస్టింగుల క్రితం, జీపు ప్రమాదంలో వాడు మూడు రోజులు స్పృహలో లేడట. అదే కారణమని నేను చెప్పలేను. కానీ అడగకుండా నిలబెట్టాను కదా. వాడి టీసీలో నడవడిక గురించి ఒక గడి ఉంది, దీనికి లేదు.

ఆ గడి ఉండాలని నా అభిప్రాయం. అది వచ్చేదాకా ఆసుపత్రి డిశ్చార్జి కాగితాన్ని సామాన్లతో పాటు అటకెక్కించకుండా, టీసీ ఉన్న ఫైలులోనే పెట్టమని అమ్మానాన్నలకు చెప్పండి. కొత్త బడిలో క్లాసు టీచరుకు చూపించండి, సిగ్గుపడే విషయం కాదు.

ఈ ఏడు నా క్లాసులో కొత్తగా చేరినవాళ్ళకు ఇచ్చే కాగితంలో ఒక ప్రశ్న చేర్చాను: "తలకు ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందా? ఎన్నేళ్ళప్పుడు?" ఒక పాప, "ఊయల మీంచి పడ్డాను, నాలుగేళ్ళప్పుడు, జోధ్‌పూర్‌లో" అని రాసింది. శనివారం వాళ్ళమ్మగారిని రమ్మన్నాను.