వసంతం సరస్సునడిగి వస్తుంది

ఏటా ఫిబ్రవరి నెల మూడో గురువారం నాడు అమెరికా ప్రభుత్వం వారి క్లైమేట్ ప్రెడిక్షన్ సెంటర్ ఒక పటం విడుదల చేస్తుంది. మార్చి, ఏప్రిల్, మే నెలలు ఎలా ఉండబోతున్నాయో చెప్పే పటమన్న మాట. వెచ్చదనం వైపు మొగ్గుంటే నారింజ రంగు, చలి వైపు మొగ్గుంటే నీలం, ఎటూ తేలకపోతే తెలుపు. నవంబరు నుంచీ పారలతో మంచు ఎత్తిపోసి నడుములు పడిపోయిన మా ఊరి జనం ఆ పటం కోసం, మనవాళ్ళు మ్యాట్నీ టికెట్ల కోసం చూసినట్టు ఎదురుచూస్తారు. మా ఊరి మీద కాస్త నారింజ రంగు కనబడిందా, ఇక వాట్సాప్‌లో పండగే. “ఈసారి ఏప్రిల్లోనే ఎండలు గురూ, అమ్మావాళ్ళకి టికెట్లు బుక్ చేసెయ్యొచ్చు!”

మా ఊరంటే డులూత్. మిన్నెసోటా రాష్ట్రంలో, లేక్ సుపీరియర్ పడమటి కొసన గుట్టకి అతుక్కుని ఉంటుంది. ఇక్కడ వసంతం గురించి నాకో అభిప్రాయం ఉంది. ఆ పటాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అది చాలా నిజాయితీ గల పటం. మనం దాన్ని చదివే తీరు మీదే నా పేచీ అంతా.

ముందు ఆ రంగుల సంగతి చూద్దాం. 1991 నుంచి 2020 దాకా ముప్ఫై ఏళ్ళ వసంతాలని తీసుకుని మూడు కుప్పలు పోస్తారు: బాగా వెచ్చనివి పది, మధ్యస్థంగా ఉన్నవి పది, చల్లనివి పది. ఏ సమాచారమూ లేకపోతే రాబోయే వసంతం ఏ కుప్పలో పడే అవకాశమైనా 33 శాతమే. లేత నారింజ రంగు వేశారంటే, వెచ్చని కుప్పలో పడే అవకాశం ఆ 33 నుంచి 40 లోపు ఎక్కడికో పెరిగిందని. అంతే! మిగతా 60 శాతానికి పైగా అవకాశం అటు మధ్య కుప్పకో చల్లని కుప్పకో అలాగే ఉంది. ఎప్పుడైనా మీ ప్రాజెక్టు మేనేజరుకి “ఈ నెలాఖరుకి రిలీజు అయ్యే అవకాశం 40 శాతం” అని చెప్పి చూడండి, ఆయన కస్టమరుకి శుభవార్త అని మెయిలు పంపుతాడేమో!

మనకి ఈ శాతాల భాష అలవాటు లేదు. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో వానలు ఇన్ని పాళ్ళు, పంటలు ఇన్ని పాళ్ళు, మీ రాశికి ఆదాయం 8, వ్యయం 14 అని ఖచ్చితంగా చెప్పేస్తారు. వినడానికి హాయిగా ఉంటుంది. ఈ పటం ఆ హాయినివ్వదు. తనకి తెలిసిందెంతో అంతే చెప్పి ఊరుకుంటుంది. అందుకే దాని మీద నాకు గౌరవం.

రెండో సంగతి సగటు. ఆ పటం చెప్పేది మూడు నెలల సగటు గురించి. సగటులో బతికేవాడు ఎవడూ లేడు. 2012 మార్చిలో మాకు తూర్పునున్న మిషిగన్‌లో ఎండలు 80 ఫారెన్‌హీట్ దాటాయి. మార్చిలో! జనం నిక్కర్లేసుకుని తిరిగారు. పాపం చెట్లకి క్యాలెండరు తెలీదుగా, ఆపిల్, చెర్రీ తోటలు వారాల ముందే మొగ్గ తొడిగాయి. ఏప్రిల్లో మామూలుగా పడాల్సిన మంచు మామూలుగానే పడింది. ఆపిళ్ళూ, పుల్ల చెర్రీలూ దాదాపు 90 శాతం పోయాయి. ఆ ఏటి వసంతం సగటు లెక్కన చూస్తే రికార్డు వెచ్చదనం. రైతుని అడిగితే సర్వనాశనం.

మన దగ్గర కథ మాత్రం వేరా? 2023లో దేశం మొత్తం మీద నైరుతి రుతుపవనాల వాన దీర్ఘకాల సగటులో 94 శాతం. కాగితం మీద ఫర్వాలేదనిపించే అంకె. అదే ఏడు జులైలో తెలంగాణలో కుండపోతలూ వరదలూ. ఆగస్టేమో 1901 తర్వాత వచ్చిన ఆగస్టులన్నిటిలోకీ అతి పొడి. వరదలో ఇల్లు మునిగినవాడికీ, ఆగస్టులో చేను ఎండినవాడికీ ఆ 94 ఏం చెబుతుంది?

ఇక అసలు సంగతి. ఇంతసేపూ మాట్లాడింది గాలి గురించి. కానీ మా ఊళ్ళో వసంతం గాలి చేతిలో లేదు, నీటి చేతిలో ఉంది.

లేక్ సుపీరియర్ వైశాల్యం సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సగం అనుకోండి. సగటు లోతు 147 మీటర్లు, అత్యధికంగా 406 మీటర్లు. ఇంత నీరు శీతాకాలమంతా చల్లబడి కూర్చుంటుంది. పైగా నీటికొక చిత్రమైన గుణముంది, 4 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అందుకని వసంతంలో ఎండ తగిలి పైనీరు కాస్త వేడెక్కి 4 డిగ్రీలకి చేరువైతే బరువెక్కి కిందకి దిగిపోతుంది, కిందనున్న చల్లని నీరు పైకొస్తుంది. ఇలా ఆ లోతంతా కలిసి 4 డిగ్రీలకి వస్తే తప్ప పైనీరు వేడెక్కడం మొదలవదు. జూన్ వచ్చినా నడి సరస్సులో నీరు 4, 5 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంటుంది. సూర్యుడు ఎంత కష్టపడినా సరస్సు తన షెడ్యూలు మార్చుకోదు.

దీని ఫలితాలు చూడండి. డులూత్ చరిత్రలో ఒక్క నెలలో అత్యధికంగా మంచు కురిసింది ఏ జనవరిలోనో కాదు, 2013 ఏప్రిల్లో! 50.8 అంగుళాలు. ఆ మరుసటి ఏడు, 2014 మార్చి మొదటి వారంలో, అయిదు మహా సరస్సులూ కలిపి 92 శాతం పైగా గడ్డకట్టాయి. సుపీరియర్ మీద మంచు గడ్డలు జూన్ దాకా తేలుతూనే ఉన్నాయి. అదే 2024 శీతాకాలంలో ఎంత గడ్డకట్టినా 16 శాతం దాటలేదు. ఏడాదికీ ఏడాదికీ ఇంత తేడా. అందుకే వసంతం ఎలా ఉంటుందో అడగాలనుకుంటే, రంగుల పటంతో పాటు సరస్సు మీద ఎంత మంచుందో కూడా చూడమంటాను.

ఇంకో తిరకాసుంది. ఊరి అధికారిక ఉష్ణోగ్రత కొలిచేది గుట్ట మీదున్న విమానాశ్రయంలో. అది సరస్సు కంటే 800 అడుగుల పైచిలుకు ఎత్తు. తూర్పు గాలి తోలినప్పుడు మే నెల మధ్యాహ్నం గుట్ట మీద 70, ఒడ్డున 45 ఉండటం ఇక్కడ వింతేం కాదు. ఫోనులో 70 చూసుకుని టీషర్టులో బీచికి పోయినవాడికి స్వెట్టరు విలువ తెలిసొస్తుంది.

స్వెట్టరు తోనే పోతే నేనింత రాయను.

మన పిల్లలు ఏటా వందలూ వేలూ ఈ రాష్ట్రాలకి చదువులకి వస్తున్నారు. మే నెలలో సెమిస్టరు అయిపోగానే, మొదటి వెచ్చని శనివారం చూసుకుని నీటి దగ్గరికి పోతారు. పోవాల్సిన వయసే. గాలి 75 ఉంటుంది, నీరు 40 ఉంటుంది. సెంటీగ్రేడులో చెప్పాలంటే గాలి 24, నీరు 4. మన ఊళ్ళలో నీటితో ప్రమాదమంటే సుడిగుండమో, వరదో, ఊబో. కృష్ణలోనో గోదావరిలోనో ఈత నేర్చినవాడికి “నీటి చలి మనిషిని చంపుతుంది” అన్న సంగతి ఊహకే అందదు. “నాకు ఈతొచ్చుగా” అంటాడు.

అక్కడే ఉంది చిక్కంతా. మానిటోబా విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీద పరిశోధనలు చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు దీన్ని 1-10-1 అని మూడంకెల్లో చెబుతారు. మొదటి ఒక్క నిమిషం, ఊపిరి మన అదుపులో ఉండదు. శరీరం తనంతట తనే గుప్పుమని ఊపిరి పీల్చుకుంటుంది, ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే పీల్చేది నీటినే. తర్వాత పది నిమిషాలు, చేతులూ కాళ్ళూ చెప్పినట్టు వినే సమయం. చలికి స్పృహ తప్పడానికి ఒక గంట. అంటే చాలామంది చనిపోయేది గంట తర్వాత చలికి కాదు, మొదటి నిమిషాల్లో మునిగి. ఆ మొదటి నిమిషంలో ఎంతటి ఈతగాడికైనా ఈత అక్కరకి రాదు. ఒంటి మీదున్న లైఫ్ జాకెట్ వస్తుంది.

మంచు మీద నడక కూడా ఇలాంటిదే. 2022 డిసెంబరులో అరిజోనాలో గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్ళి, మంచు పగిలి, ముగ్గురు మనవాళ్ళు చనిపోయారు. అందులో గుంటూరు జిల్లా వాళ్ళున్నారు. వసంతం మంచు ఇంకా మోసం. జనవరిలో లారీని మోసిన మంచే, అంతే మందంగా కనబడుతూనే, మార్చి చివర్లో మనిషిని మోయలేకపోవచ్చు.

“ఒడ్డున బోర్డులుంటాయి కదా, చదువుకున్నవాళ్ళకి ఇవన్నీ చెప్పాలా?” అని ఒక మిత్రుడి వాదన. బోర్డుంటుంది నిజమే. అయితే ఆ పాటికి వాళ్ళు తువ్వాళ్ళు పట్టుకుని కారు దిగేశారు, ఎండ బాగుంది, నలుగురూ చూస్తున్నారు. నిర్ణయం జరిగేది బోర్డు దగ్గర కాదు, శుక్రవారం రాత్రి గదిలో ఫోను చూస్తున్నప్పుడు. ఆ ఫోను వాళ్ళకి గాలి సంగతే చెబుతుంది. నీటి సంగతి మనం చెప్పాలి.

కాబట్టి మన తెలుగు సంఘాల పెద్దలకి నాదొక విన్నపం. ఉగాది కార్యక్రమంలో పంచాంగ శ్రవణానికి అరగంట ఇస్తున్నాం. దాని తర్వాత మరో అయిదు నిమిషాలు ఈ నీటి పంచాంగానికి ఇవ్వండి. ఇవాళ నీరు ఎన్ని డిగ్రీలుంది, ఎక్కడ చూడాలి, లైఫ్ జాకెట్ ఎందుకు, మంచు మీదికి ఎప్పుడు పోకూడదు. నీటి ఉష్ణోగ్రతలు ప్రభుత్వం వారే ఊరికే అందిస్తున్నారు, సరస్సులో తేలుతూ కొలిచే యంత్రాలున్నాయి. కొత్తగా వచ్చిన విద్యార్థుల చేతిలో పెట్టే కాగితాల్లో బ్యాంకు ఖాతా, ఫోను ప్లానులతో పాటు ఈ నాలుగు ముక్కలూ చేర్చండి. ఖర్చేమీ లేదు.

ఇక అమ్మానాన్నలకి టికెట్ల విషయం అంటారా, పటం ఏ రంగులో ఉన్నా సరే జూన్ పదిహేను తర్వాతే కొనండి. స్వెట్టరు మాత్రం పెట్టెలో పెట్టుకోమనండి.