పొంగే సీసా ఖరీదెంత?

గోదావరిఖని నుంచి ఒక కుర్ర పాఠకుడు ఉత్తరం రాశాడు. "సారూ, సినిమా ఫంక్షన్లలో నిర్మాతగారు ఊపి ఊపి మూత ఎగరగొడతారే, ఆ నురగ సీసా ఖరీదెంత? మా నాన్న రిటైర్మెంటుకు మేం కూడా ఒకటి కొట్టొచ్చా?" అని. హీరోయిన్ల పెళ్లిళ్ల గురించి అడిగే ఉత్తరాల మధ్య ఇది కనిపించేసరికి పక్కన పెట్టలేకపోయాను. నిరుడు సరిగ్గా ఇదే ప్రశ్న మా ఇంట్లో లేచింది. లేవడమంటే మామూలుగా కాదు, మా అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మాది రామగిరి. ఖిల్లా పేరు వినే ఉంటారు. మేఘుణ్ణి రాయబారం పంపిన యక్షుడు ఉన్నది ఈ గుట్ట మీదేనని మా ఊళ్లో గట్టి నమ్మకం. పండితులు చాలామంది నాగపూర్ దగ్గరి రామ్‌టెక్‌కు ఓటేస్తారనుకోండి, ఆ ఓటింగును మేం ఒప్పుకోం. గుట్ట మీద నుంచి చూస్తే ఒకవైపు సెంటినరీ కాలనీ క్వార్టర్లు, ఇంకోవైపు ఓపెన్‌కాస్టు మట్టి దిబ్బలు. మా బావ ఆ కాలనీలో ఉంటూ ముప్పై ఆరేళ్లు బాయిలో పనిచేశాడు. అందులో సగం పైగా షాట్ ఫైరరు. అంటే బొగ్గు పొరలో మందు పెట్టి పేల్చేవాడు. బాయి మీద 'మందు' అంటే అదే. ఇంటి దగ్గర 'మందు' అంటే వేరే. మా బావ చాలా ఏళ్లు రెండూ వాడాడు.

రిటైర్మెంటు నెల ముందు ఒకరోజు టీవీలో ఏదో సినిమా సక్సెస్ మీట్ చూస్తూ, "బామ్మర్దీ, జిందగీ మొత్తం ధన్‌మనిపించిన. ఆఖరి రోజు గదొక్కటి గూడ ధన్‌మనిపిస్త. పిల్లగాణ్ని తెమ్మను" అన్నాడు. పిల్లగాడంటే వాళ్ల పెద్దకొడుకు, ఫ్రాన్సులో తులూజ్‌లో చదువుతున్నాడు. నేను సరే అన్నాను. వంటింట్లో అక్క చేతిలోని గరిటె ఆగిపోయింది.

ఆ గరిటె ఎందుకు ఆగిందో చెప్పాలి. ఈ బెల్టులో జీతం రోజు సాయంత్రం ఎలా ఉండేదో మీలో చాలామంది ఇళ్లలో తెలుసు. 2023 మార్చిలో వచ్చిన నాని 'దసరా' చూశారు కదా? శ్రీకాంత్ ఓదెల తీసిన ఆ సినిమాలో వీర్లపల్లి జనం బతుకంతా సిల్క్ బార్ చుట్టూ తిరుగుతుంది. థియేటర్లో కుర్రాళ్లు ఈలలు వేశారు. మా అక్క మాత్రం ఇంటర్వెల్లో, "ఇంటికి పోదాం పా" అంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారన్న కబురు విన్నప్పుడు, 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చినప్పుడు అక్క కొబ్బరికాయ కొట్టింది. 1997లో నిషేధం సడలించిన రోజు ఏం చేసిందో నాకు తెలుసు గాని రాయను. బావ తనంతట తాను మానేసింది మాత్రం పదిహేనేళ్ల కిందట. ఇప్పుడు ఫ్రెంచి సీసా పేరుతో పాత తలుపు తెరుచుకుంటే? అదీ ఆమె భయం. ఖరీదు సంగతి తర్వాత.

సినిమావాళ్లు మన బుర్రల్లో ఈ సీసాను ఎక్కించిన తీరు వింత. మన తెరమీద దుఃఖానికి ఒక సీసా, దౌష్ట్యానికి ఒక సీసా. 1953లో అక్కినేని 'దేవదాసు' మొదటిదానికి శాశ్వతంగా చిరునామా ఇచ్చేశాడు. విలన్ల బల్ల మీద స్కాచ్ సీసా రెండోది. నురగ సీసాది మాత్రం పూర్తిగా సంతోషం పాత్ర. హాలీవుడ్‌లో అయితే దానికి పెద్ద వేషాలే. 1942 నాటి 'కాసాబ్లాంకా'లో యుద్ధం మధ్యనే పొంగుతుంది. 1962లో 'డాక్టర్ నో'లో జేమ్స్ బాండ్ ఆ సీసానే ఎత్తి కొట్టబోతాడు. అది 1955 నాటి డోమ్ పెరిన్యోన్, పగలగొడితే పాపమని విలన్ బాధపడితే, నాకు 1953దే ఇష్టమంటాడు దొర. ఇక ఊపి జనం మీద చల్లే అలవాటుకు పేరు తెచ్చింది 1967లో లెమాన్ కారు పందెం గెలిచిన డాన్ గర్నీ. అంతకు ముందు బుద్ధిమంతులు తాగేవాళ్లు, చల్లేవాళ్లు కాదు.

సరే, అసలు విషయానికి వద్దాం. మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, పేరున్న షాంపేన్ నలభై యూరోలు దాటుతుంది. పేరు లేనిది ఇరవై దగ్గర దొరుకుతుంది. ఇక్కడికి దగ్గర్లోనే లిమూ అనే ఊరుంది, అక్కడి క్రెమాన్ తొమ్మిది యూరోలే. ఏది తేను?" యూరో తొంభై చిల్లర ఉన్న రోజులు. లెక్క మీరే కట్టుకోండి. నేను చదవాల్సింది చదివి, అడగాల్సినవాళ్లను అడిగి, క్రెమానే తెమ్మన్నాను. పిసినారితనం కాదు, కారణం ఉంది.

షాంపేన్ అనేది రకం పేరు కాదు, ప్రాంతం పేరు. పారిస్‌కు తూర్పున ఉన్న ఆ ప్రాంతంలో పండి, అక్కడే తయారైతేనే ఆ పేరు పెట్టుకోనిస్తారు. తయారీ ఏమిటంటే, ఒకసారి పులిసిన ద్రాక్షసారాన్ని సీసాలో పోసి, కొంచెం చక్కెర, కొంచెం ఈస్టు వేసి మూత బిగిస్తారు. లోపల మళ్లీ పులుస్తుంది. పుట్టిన గాలికి పోయే దారి లేక సారంలో కలిసిపోతుంది. తెరిచినప్పుడు పొంగేది అదే. మన కల్లు లొట్టిలో నురగ కట్టేదీ ఆ గాలే, కాకపోతే లొట్టికి మూత లేదు. ఇదే పద్ధతిలో, సీసాలోనే పులియబెట్టి, ఫ్రాన్సులోని వేరే ప్రాంతాలు చేసేది క్రెమాన్. అల్సాస్, లువార్, బుర్గోన్య్, బోర్దో, జూరా, లిమూ, దీ, సవువా, ఇలా ఎనిమిది ఉన్నాయి. షాంపేన్‌ను అమ్మేముందు కనీసం 15 నెలలు సీసాలో ఉంచాలి, క్రెమాన్‌ను 12 నెలలు. మూడు నెలల తేడా. ధరలో తేడా మాత్రం రెండింతలు, నాలుగింతలు. మిగతాదంతా భూమి ధర, పేరు ధర, పోస్టర్ ధర. పెద్ద హీరో సినిమాకూ చిన్న హీరో సినిమాకూ ఉండే తేడా లాంటిదే. కథ బాగుంటే బాల్కనీలో కూర్చున్నవాడికి ఆ తేడా తెలియదు.

అయితే చవక అన్నదల్లా మంచిది కాదు. లేబుల్ మీద 'మెథోద్ త్రదిస్యొనెల్' అని ఉంటే సీసాలో పులిసినట్టు. ఉత్త 'వాన్ ముస్సో' అని మాత్రమే ఉంటే అది పెద్ద ట్యాంకులో పులిసింది కావచ్చు. 'గజెఫియె' అని కనిపిస్తే గోలీ సోడాలో కొట్టినట్టు గ్యాసు కొట్టారన్నమాట. అది త్వరగా చప్పబడిపోతుంది. షాంపేనే కావాలని పట్టుబట్టేవాళ్లు లేబుల్ మీద సన్నటి అక్షరాల్లో ఆర్.ఎం. అన్న రెండక్షరాలు వెతకాలి. అంటే తన తోట ద్రాక్షతో రైతే చేసింది. పెద్ద కంపెనీ పేరు బరువు దాని మీద ఉండదు.

ఇంకో తమాషా. 'ఎక్స్‌ట్రా డ్రై' అంటే అసలు తీపి లేనిదని మీరూ నేనూ అనుకుంటాం. తప్పు. లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటే 'బ్రూట్', 12 నుంచి 17 దాకా 'ఎక్స్‌ట్రా డ్రై', 17 నుంచి 32 దాకా 'సెక్', 32 నుంచి 50 దాకా 'దెమి సెక్'. సెక్ అంటే ఫ్రెంచిలో పొడి అని అర్థం, రుచి చూస్తే తీపి! మనవాళ్లకు చెప్పాలంటే, పొద్దున్నే దించిన ఈతకల్లు దెమి సెక్, మధ్యాహ్నం దాటింది బ్రూట్. సకినాలు, గారెల పక్కకు బ్రూట్, కేకు పక్కకు దెమి సెక్. నేను బ్రూటే రాయించాను.

మేనల్లుడు రెండు సీసాలు తెచ్చాడు. విదేశం నుంచి వచ్చే మనిషి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, ఈ రెండూ కలిపి లీటరున్నర. ఫ్రాన్సులో మేనల్లుడు లేనివాళ్ల సంగతి వేరు. దిగుమతి సుంకం 150 శాతం ఉంటూ వచ్చింది గనక హైదరాబాదు షాపులో అదే సరుకు మన జేబుకు లొంగదు. అలాంటివాళ్లకు నాసిక్‌లో ఇదే సీసా పద్ధతిలో చేసేవి ఉన్నాయి. షాంపేన్ దేశపు కంపెనీ ఒకటి 2013లో అక్కడే షాండన్ పేరుతో మొదలుపెట్టింది కూడా. అన్నట్టు, తెలంగాణలో 21 నిండనివాళ్లకు ఏ సీసా అమ్మినా నేరమే. ఉత్తరం రాసిన తమ్ముడు తన వయసు రాయలేదు.

రామగుండం స్టేషన్లో దిగి, బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు మీద ఆటోలో వచ్చేసరికి సీసాలు ఊపాల్సినంతా ఊగాయి. లోపల ఐదారు అట్మాస్ఫియర్ల ఒత్తిడి, కారు టైరులో గాలికి దాదాపు మూడు రెట్లు. ఒకరోజంతా ఫ్రిజ్‌లో కదలకుండా ఉంచమన్నాను. ఆ రాత్రి బావకు నేను చదివింది చెప్పాను. అందులో ఆయనకు నచ్చిన ముక్క ఇది. పూర్వం ఈ ఒత్తిడికి ఫ్రెంచి సీసాలు పగిలిపోయేవట. ఓడలకు కలప మిగల్చాలని ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ 1615లో గాజు కొలుముల్లో కట్టెలు కాల్చొద్దన్నాడు. కొలిమివాళ్లు బొగ్గుకు మళ్లారు. బొగ్గు మంట వేడెక్కువ, గాజు గట్టిపడింది. ఆ గట్టి సీసాల్లోనే నురగ నిలిచింది. సారానికి చక్కెర కలిపి పొంగించే సంగతిని క్రిస్టఫర్ మెరెట్ అనే ఇంగ్లీషు డాక్టరు 1662లోనే రాయల్ సొసైటీకి రాసిచ్చాడు.

"అంటే మా బొగ్గు లేకుంటే గా సీసనే లేదన్నట్టు!" అన్నాడు బావ. ఇంకా చెప్పాను. రాన్స్ నగరం కింద ఒకప్పుడు సుద్దరాయి తవ్వుకున్న గుహలున్నాయి, సీసాలను ఆ చీకట్లోనే దాస్తారు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి కూలీలు ముఖాలకు ఇనుప తీగల ముసుగులు కట్టుకుని దిగేవాళ్లు. ఒక సీసా పేలితే పక్కది, దాని పక్కది పేలేవి. కళ్లు పోయేవి. బావ నవ్వడం ఆపేశాడు. "దిగినోనికే ఎరుక" అని మాత్రం అన్నాడు. వంటింటి గుమ్మంలో అక్క నిలబడి వింటోంది.

పొద్దున అక్క షరతు చెప్పింది. ఒక్కటే సీసా. పన్నెండు మందికీ పంచాలి. చుక్క కూడా ఎవరి గ్లాసులోనూ రెండోసారి పడొద్దు. "ఆయన గ్లాసు నా చేతికియ్యాలె, నేనే ఇస్త."

సాయంత్రం దండలు, శాలువాలు అయ్యాక బావ సీసా అందుకున్నాడు. ఊపుతాడేమోనని పిల్లలు సెల్‌ఫోన్లు పట్టుకుని దగ్గరికి జరిగారు. ఆయన చెయ్యెత్తి అందరినీ గోడ దాకా వెనక్కి పంపించాడు. రెండు గుమ్మాల దగ్గర ఇద్దరిని కాపలా నిలబెట్టాడు. ముప్పై ఆరేళ్ల అలవాటు. తర్వాత నేను చెప్పినట్టే తీగ విప్పి, బెండు మీద బొటనవేలు తీయకుండా, సీసాను ఏటవాలుగా పట్టుకుని, బెండును కాక సీసాను తిప్పాడు. ధన్ లేదు. చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడు వచ్చింది, అంతే. పిల్లలు ఉసూరుమన్నారు. "పొగ తేరెదాక ఎవ్వలు ముందుకు రావొద్దు" అన్నాడు బావ, సీసా మూతి దగ్గర లేచిన తెల్లటి ఆవిరి వంక చూస్తూ.

స్టీలు గ్లాసుల్లో పోశాం. అక్క తన చేత్తో ఆయనకు ఇచ్చింది. బావ గ్లాసు నోటి దగ్గరికి తీసుకోలేదు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. చిటపటలు వింటున్నాడు. "గీ గాలే బాయిల అడుక్కు దిగితె దీపం ఆరిపోతది" అని, గ్లాసు అక్కకే తిరిగిచ్చేశాడు. అక్క ఏం చేయాలో తెలియక చూసింది. చివరికి ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, "నిమ్మకాయ సోడ గిట్లనే ఉంటది, దీనికి తొమ్మిది వందలా?" అంది. రుచి గురించి నేను చదివిన మాటలన్నీ అక్కడ ఎగిరిపోయాయి. నిజానికి బాగుంది. సకినాలతో ఇంకా బాగుంది.

బెండు, దాని తీగ బావ తన టోకెన్ బిళ్లలున్న డబ్బాలో వేసుకున్నాడు. రెండో సీసా ఫ్రిజ్ కింది అరలో, మామిడికాయ పచ్చడి వెనక ఉంది. మా రామగుండం ఎండలకు బయట ఉంచితే పాడైపోతుంది. ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ అక్క దాన్ని ఒకసారి చూస్తుందట. మొన్న ఫోన్ చేసి, "అది కరాబైతదారా?" అని అడిగింది. రెండేళ్లు ఆగుతుందన్నాను.

"అయితె ఉండనియ్. చిన్నోని పట్టా అచ్చినంక ఇప్పుదాం."