పల్నాటి పడుచువాండ్ర నెత్తురును గూర్చి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సంచాలకులవారి సముఖమునకు, పల్నాడు జిల్లా కారంపూడినుండి సవినయముగా వ్రాసుకొను బహిరంగ లేఖ.

నాగులేటి యొడ్డున నున్న మా యూరు పల్నాటి యుద్ధమున బాలచంద్రుడు మొదలైన పడుచు వీరులు నేలకొరిగిన రణభూమియని తెలుగువారెల్లరు నెరిగినదే. ఏటేట కార్తిక అమావాస్యతో ఆరంభమగు వీరుల తిరునాళ్లలో, మందపోరను దినమున, అందరును కలిసి భుజించు చాపకూటి పంక్తిని కూర్చుండు ఇరువదేండ్ల కుర్రవాండ్రను చూచి, వీరికి రోగమెక్కడిదని అనుకొననివారుండరు. ఆ యనుకొనుటయే నన్ను కలవరపెట్టుచున్నది.

ఏలయన, కొరియా యుద్ధమున మరణించిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను కోసి పరీక్షించిన వైద్యులు, సగటున 22 ఏండ్ల ప్రాయముగల ఆ దృఢగాత్రులలో నూటికి 77 మందికి హృదయధమనులలో వ్యాధిచిహ్నములున్నవని 1953లో ప్రకటించిరి. ఆ వ్యాధి పుట్టు తీరిది: నెత్తుట కొలెస్ట్రాలును మోయు ఎల్.డి.ఎల్. రేణువులు మితిమీరినచో ధమని గోడలోనికి జొరబడి, అచట చిక్కుకొని, ఆక్సీకరణము చెంది చెడును. చెడినదానిని తొలగింపవచ్చిన భక్షకకణములు దానిని మ్రింగి మ్రింగి ఉబ్బి, కదలలేక అచటనే పేరుకొనును. పొగత్రాగుట ఈ ఆక్సీకరణమును మరింత ప్రకోపింపజేయును. ఏండ్ల తరబడి సాగు ఈ క్రియలో నొప్పి లేదు, ఆయాసము లేదు, మంచమెక్కుట లేదు. అట్లని ఆక్సీకరణమును అణచునను మాత్రలు పంచుడని నేను కోరుట లేదు: విటమిన్-ఇ మాత్రలు గుండెపోటును తప్పింపలేదని పెద్ద పరీక్షలలో తేలినది, ఫిన్లాండులో బీటాకెరోటిన్ మ్రింగిన ధూమపాయులకు ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మారుగా హెచ్చినది.

ఇక మా తిండి మాట. పల్నాట జొన్నకూడే దిక్కయ్యెనని శ్రీనాథుడు వాపోయినట్లు చాటువులు చెప్పుచున్నవి. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినది మొదలు ఆ జొన్న క్రమముగా వెనుకబడి, తెల్లగా పాలిషుపట్టిన బియ్యము మూడుపూటల కంచమునకు వచ్చినది. అన్నమే ప్రధానమై పప్పు, కూర, పండు కొరవడిన కంచమువలన నెత్తుట ట్రైగ్లిసరైడ్లను కొవ్వులు పెరుగుటయు, మేలుచేయు హెచ్.డి.ఎల్. తగ్గుటయు మనవారిలో తరచు కనబడు లక్షణములు. దానికి తోడు సాయంకాలపు బజ్జీల బండి యున్నది: ఉదయము మరిగిన నూనె నల్లబడి చిక్కబడి యుండగా, దానినే మూకుడులో నుంచి, తరిగినంత క్రొత్తనూనె పైన పోసి, మరల పొయ్యి రాజవేయుదురు. ఆ బండివానిని నిందింపను. నూనె పారబోసినచో వాని నాటి లాభము పోవును. కాని తిరిగి తిరిగి కాచిన నూనె పనికిరాదని మీ సంస్థయే 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకములలో చెప్పియున్నది. ఆ మాట తెలుగులో వాని చెవికి చేరవలదా?

మిమ్మునే ఆశ్రయించుటకు కారణము గలదు. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు చెంత 29 పల్లెలను తీసికొని, వానిలో 15 పల్లెలలో గర్భిణులకును, పసిపిల్లలకును ఇచ్చిన అనుబంధాహారము యొక్క ఫలితములను మీవారు విడువక వెంబడించిరి. ఆ యాహారమందిన పల్లెల పిల్లలకు, తక్కిన పల్లెల పిల్లలకన్న, కౌమారమున ధమనుల బిరుసు తక్కువగా నున్నదని కనుగొనిరి. నొప్పి తెలియని వయస్సుననే ధమనిని పరీక్షించిన చూపు మీది. ఆ చూపును పల్నాటివైపు త్రిప్పుడు.

కేంద్ర ప్రభుత్వపు జీవనశైలి వ్యాధుల పరీక్షలు ముప్పదియవ యేట మొదలగుచున్నవి. వానిలో రక్తపోటు, మధుమేహము, కొన్ని క్యాన్సర్లు ఉన్నవే గాని కొలెస్ట్రాలు లేదు. భారత హృద్రోగవైద్యుల సంఘము 2024లో, నెత్తుటి కొవ్వులను కొలుచు మొదటి లిపిడ్ పరీక్ష పదునెనిమిదవ యేట జరుగవలెననియు, ఇంట చిన్న వయస్సున గుండెపోటు వచ్చినవారున్నచో అంతకు ముందే జరుగవలెననియు సూచించినది. కావున మాచర్ల, గురజాల, నరసరావుపేట కళాశాలలకు మీ బృందమును పంపి, పదునెనిమిదేండ్లు నిండిన విద్యార్థులకు, వారి సమ్మతితో, ఒకమారు లిపిడ్ పరీక్ష చేయింపుడు. చదువు మాని మిరపచేలలో కూలికి పోవు ఈడువారిని మరువకుడు. వారికై తిరునాళ్ల దినములలో వీరుల గుడి చెంత శిబిరము పెట్టవచ్చును. ఫలితపు కాగితము ఎవరిది వారికే తెలుగులో ఇప్పించి, దానిని చదివి చెప్పగల మనిషిని తోడుగా కూర్చుండబెట్టుడు.

ఇట్లు,
కారంపూడి గ్రామస్థుడొకడు