విందు తుదను షాంపేను

డిసెంబరు 24వ తేది రాత్రి ఫ్రాన్సుదేశమున బంధువులందరు నొక్కచోట జేరి చేయు విందునకు రెవెయ్యోన్ అని పేరు. వారము దినములు గడచి 31వ తేది రాత్రి అదే పేరుతో మరియొక విందు జరుగును. మంచుముక్కలపై బరచిన పచ్చి ఆల్చిప్పలు, పొగబెట్టిన సామన్ చేప, బలవంతముగా మేపిన బాతుల కాలేయముతో చేయు ఫ్వాగ్రా, చెస్ట్‌నట్ కాయలతో కాల్చిన కోడి, కడపట చెట్టుమొద్దు ఆకారమున చేసిన తీపి కేకు, ఇవి వాడుకగా వచ్చుచున్న వంటకములు. కేకును కోయువేళకు షాంపేను సీసా బిరడా చప్పుడుతో ఎగురుట పెక్కిండ్ల ఆచారము. పిల్లలు కేరింతలు కొట్టుదురు. పెద్దలు ఒక గ్రుక్క త్రాగి, మొగము రవంత చిట్లించుకొని, గ్లాసును బల్లపై బెట్టి మాటలలో పడుదురు. ఆ గ్లాసు తెల్లవారువరకు అట్లే యుండును.

ఈ మొగము చిట్లించుటకు కారణమేమి? దోషము ఆసవమునందు లేదు. దానిని పిలిచిన వేళయందున్నది.

షాంపేను సీమ ఫ్రాన్సునకు ఉత్తర భాగమున, పారిస్ నగరమునకు తూర్పుగా, రాన్స్, ఎపెర్నే పట్టణముల చుట్టు నున్నది. నేల సుద్దనేల, ఎండ తక్కువ. అందుచేత అచ్చటి ద్రాక్ష పండినను పులుపు విడువదు. ఆ పులుపే ఆ ఆసవమునకు ప్రాణము. నేడు అమ్ముడుపోవువానిలో అధికభాగము బ్రూట్ అను రకము. దీనిలో లీటరునకు 12 గ్రాములకు తక్కువ చక్కెర యుండును. తీపి కేకు తిన్న నోటికి ఇట్టి పానీయము అందించినచో పులుపొక్కటే మిగులును. బూరె కొరికిన నోట చిలికిన మజ్జిగ పోసికొన్నవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

అట్లైన ఈ పొరపాటు ఆచారముగా నెట్లు స్థిరపడెను? పూర్వము ఇది పొరపాటు కాదు. పందొమ్మిదవ శతాబ్దపు షాంపేను తీపి పానీయము. రష్యా ప్రభువులకు పంపిన సీసాలలో లీటరునకు 200 గ్రాములకు మించి చక్కెర కలిపెడివారు. అనగా నేటి కోలా పానీయములకు ఇంచుమించు రెట్టింపు. అట్టిది భోజనాంతమున మిఠాయిలతో త్రాగుట సహజమే. రాన్స్ నగరపు గులాబిరంగు బిస్కత్తును గ్లాసులో ముంచుకొని తినుటయు ఆ కాలపు మర్యాదయే. ఇంగ్లాండువారి నాలుక వేరు. వారికి తీపి తక్కువైనది కావలెను. వారికై మదామ్ పొమ్మెరి 1874వ సంవత్సరపు పంటతో బ్రూట్ ఆసవమును చేయించి పేరొందెను. క్రమముగా లోకమంతయు ఆ దారినే పట్టినది. చక్కెర పోయినది గాని విందు వరుసలో దాని స్థానము మాత్రము మారలేదు. ముత్తాతల తీపి గ్లాసు నుండిన చోటనే మునిమనుమలు పుల్లని గ్లాసును నిలిపి, ఇదియే సంప్రదాయమని తృప్తి పడుచున్నారు!

బ్రూట్ షాంపేనునకు తగిన చోటు విందు ఆరంభము. ఉప్పును క్రొవ్వును పులుపునకు చెలికాండ్రు. సముద్రపు ఉప్పు నిండిన ఆల్చిప్పలతో, తెల్లని షార్డొనే ద్రాక్ష ఒక్కదానితో చేసిన ఆసవము మిక్కిలి పొసగును. పొగచేప జిడ్డును బుడగలు నాలుకపై నుండి కడిగివేయును. మాంసము ముట్టనివారు జున్ను కలిపి కాల్చిన చిన్న గుల్లరొట్టెలతోనో, నూనెలో వేయించి ఉప్పు చల్లిన బంగాళాదుంప ముక్కలతోనో ఈ సంగతి పరీక్షించి చూడవచ్చును. ధనికుల భోజనమే కావలెనను నియమము లేదు. కాల్చిన కోడికి పినో నువార్ అను నల్లద్రాక్ష పాలు హెచ్చుగా గలదియు, నేలమాళిగలో ఏండ్ల తరబడి నిలిచినదియు తగును. ఫ్వాగ్రా విషయమున పండితులలోనే ఏకాభిప్రాయము లేదు. బోర్డో ప్రాంతపు సోటర్న్ తీపి ఆసవమే దానికి జోడు అనువారు పలువురు. మేమును ఆ పక్షమువారమే. ఇక కేకుతో షాంపేనే కావలెనని పట్టుబట్టువారు లీటరునకు 32 మొదలు 50 గ్రాముల వరకు చక్కెర గల దెమిసెక్ రకమును కొనవలెను. అదియు పండ్లతో చేసిన మిఠాయికే, చాక్లెట్టునకు కాదు.

పానమును ప్రోత్సహించుటకు మేమీ మాటలు వ్రాయుట లేదు. త్రాగనివారు త్రాగకుండుటయే మేలు. కాని ఈ గ్లాసు వెనుక గల శ్రమను తలచినప్పుడు దానిని రుచి చూడక వదలివేయుట మాకు అన్యాయముగ దోచుచున్నది. అచ్చట ద్రాక్షగుత్తులను చేతితోనే కోయవలెనని నిబంధన. 4,000 కిలోల పండునుండి 2,550 లీటర్లకు మించి రసము తీయరాదు. సీసాలో నింపిన పిమ్మట సామాన్యపు రకమునైనను పదునైదు నెలలకు ముందు అమ్మరాదు. ఆ పేరును నిలుపుకొనుటకు రైతులు పడిన పాట్లు సామాన్యములు కావు. 1910లో పంట నశించినది. కొందరు వర్తకులు బయటి ప్రాంతముల ద్రాక్షను దింపి షాంపేను పేరుతోనే అమ్మసాగిరి. 1911 జనవరిలో కడుపు మండిన రైతులు ఆ ఆసవమును మార్న్ నదిలో పారబోసిరి. ఏప్రిలులో ఆయి అను ఊర వర్తకుల కట్టడములు తగులబడినవి. ప్రభుత్వము సైన్యమును దింపెను. 1927 నాటి చట్టముతో గాని సీమ హద్దుల తగవు తీరలేదు. 1960లో ఇంగ్లాండు న్యాయస్థానము స్పెయిను ఆసవమునకు ఆ పేరు చెల్లదని తీర్పు చెప్పెను. 2021 జూలైలో రష్యా ఎదురు చట్టమొకటి చేసి, తమ భాషలో షాంపేను అను మాట తమ దేశపు ఆసవమునకే చెందునని శాసించినది. పూర్వము చక్కెర కలిపించుకొన్న దేశము పేరును సైతము కలుపుకొనజూచెనన్నమాట.

పేరు కొరకు ఇంత పోరాడిన సీమవారు విందులో దాని స్థానము కొరకు గట్టిగ మాటాడరైరి. ఈ నింద రైతులపై వేయజాలము. బిరడా చప్పుడునే పండుగగా చూపుచు సీసాలమ్ముకొనిన పెద్ద వర్తకులదే ఇందు ప్రధాన బాధ్యత. చప్పుడునకు ఏ వేళయైనను ఒక్కటే; రుచికి అట్లు కాదు.

విద్యకై, ఉద్యోగములకై ఐరోపాఖండమున నున్న మన యువకులు ఇట్టి విందులకు ఆహ్వానింపబడుట నేడు అరుదు కాదు. సీసా కానుకగా తీసికొనిపోవు ఉద్దేశమున్నచో చీటీపై బ్రూట్ అని యున్నదో, దెమిసెక్ అని యున్నదో ముందుగ చదువుడు. బ్రూట్ అయినచో ఇంటివారి చేతికిచ్చునపుడే, ఆల్చిప్పల పళ్లెము వచ్చులోపల తెరువుడని చనువుగా చెప్పవచ్చును. అరగంట మంచునీట నుంచి, ఎనిమిది పది డిగ్రీల చల్లదనమున, చప్పుడు చేయక మెల్లగా బిరడా త్రిప్పి తీయవలెను. కేకు వచ్చునప్పటికి కాఫీ కాచుకొందురు గాక.