వేదికపై సలాం, కార్యాలయంలో వాయిదా

ప్రతి ఏటా డిసెంబరు 7వ తేదీన సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతుంది. 1949 నుంచి కొనసాగుతున్న ఆనవాయితీ ఇది. ప్రభుత్వ గుమాస్తాగా నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ వారంలో మా కార్యాలయానికి కాగితపు జెండాల కట్టలు వచ్చేవి. తలకింత చొప్పున వసూలు చేసి, రసీదు రాసి, జెండాను చొక్కాకు గుచ్చుకుని, మర్నాటికి ఆ సంగతి మరచిపోయేవాళ్ళం. పదవీ విరమణ తరువాత మా బస్తీలోని మాజీ సైనికుల కుటుంబాలకు దరఖాస్తులు నింపిపెట్టే పని నెత్తికెత్తుకున్నాను. అప్పటినుంచి ఆ కాగితపు జెండా నా కళ్ళకు వేరుగా కనిపిస్తున్నది. సైనికునికి దేశం రుణపడి ఉన్నదన్న మాట నిజమే అయితే, ఆ రుణం తీర్చవలసింది ఖజానా. వసూళ్ళ డబ్బాలో పడే చిల్లర గానీ, వేదికలపై కురిసే పొగడ్తలు గానీ ఆ రుణానికి జమ కావు.

ఒక ఉదంతం చెబుతాను. పేర్లతో పని లేదు. హవల్దారుగా రిటైరైన ఒక పెద్దాయన మరణించాడు. ఆయన భార్యకు డెబ్బై అయిదేళ్ళు. సైన్యపు రికార్డులో ఆమె పేరు ఒక తీరుగా ఉన్నది. ఆధార్ కార్డులో ముందు 'షేక్' చేరింది, చివరనున్న 'బీ' కాస్తా 'బేగం' అయింది. అంతే, కుటుంబ పింఛను ఆగిపోయింది. ఒక కార్యాలయం అఫిడవిట్ తెమ్మన్నది. మరొకటి అఫిడవిట్ చాలదు, పత్రికలో ప్రకటన వేయించమన్నది. ఇంకొకటి అసలు కాగితం రికార్డు ఆఫీసు నుంచే రావాలన్నది. ఇలా పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ పద్నాలుగు నెలలూ ఆమె బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకున్నది. "బాబూ, ఆయన సరిహద్దులో ఉన్నన్నాళ్ళూ పిల్లల్ని సాకింది నేనే. ఇప్పుడు నేను నేనేనని ఎవరు సంతకం పెట్టాలి?" అని నన్ను అడిగింది.

ఇది ఆమె ఒక్కరి కష్టం కాదు. మన ఇళ్ళలో 'షేక్' ఒక కాగితంలో పేరుకు ముందు వస్తుంది, మరొక కాగితంలో వెనుక వస్తుంది, ఇంకొక కాగితంలో రెండక్షరాల పొడిమాటగా మిగులుతుంది. చెవికి వినిపించినట్లు ఒక గుమాస్తా రాస్తే, తనకు తోచినట్లు మరో గుమాస్తా దిద్దుతాడు. నేనూ ఆ గుమాస్తాలలో ఒకణ్ణే కనుక నిస్సంకోచంగా చెబుతున్నాను: తప్పు రాసింది ప్రభుత్వపు కలం, శిక్ష పడింది ముసలి తల్లికి.

పింఛను ఎవరో దయతలచి వేసే భిక్ష కాదు. అది చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తేదీనే పింఛనుదారులు తమ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. కూలివాని కూలిని ఆలస్యం చేయరాదన్నది మన ధర్మం చిన్ననాటినుంచి నేర్పిన పాఠం. రాజ్యాంగమూ ధర్మమూ ఒకే మాట చెబుతున్నప్పుడు, ఆ హక్కును వాయిదాలలో నానబెట్టే అధికారం ఎవరికున్నది?

అయినా బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ కొందరు నిపుణులు ఒకే పాట పాడతారు. రక్షణ బడ్జెట్‌ను పింఛన్లు మింగేస్తున్నాయంటారు. 2025-26లో రక్షణ శాఖకు కేటాయించిన 6.81 లక్షల కోట్ల రూపాయలలో పింఛన్ల పద్దు సుమారు 1.60 లక్షల కోట్లు. అంకె పెద్దదే. కానీ ఆ అంకె వెనుక రెండు సంగతులున్నాయి. మొదటిది, ఆ పద్దులో యూనిఫాం వేసుకున్నవారితోపాటు రక్షణ శాఖలో పనిచేసి రిటైరైన పౌర ఉద్యోగుల పింఛన్లూ కలిసి ఉన్నాయి. మొత్తం భారాన్ని జవాను నెత్తిన రుద్దడం లెక్క తెలిసినవారు చేయవలసిన పని కాదు. రెండవది, సైన్యం ఎప్పుడూ యువకులతో ఉండాలన్నది దేశం పెట్టుకున్న నియమం. అందుకే జవాన్లలో అత్యధికులు నలభై దాటకముందే ఇంటిదారి పడతారు. నేను ఫ్యాను కింద కూర్చుని అరవై దాకా పూర్తి జీతం తీసుకున్నాను. నా ఈడు జవాను పిల్లలు బడిలో ఉండగానే జీతం పోగొట్టుకుని, రెండో బతుకు వెతుక్కున్నాడు. తన అవసరం కోసం ముందుగా ఇంటికి పంపిన దేశమే, వాణ్ణి చూపించి 'భారం' అంటే అది కృతఘ్నత కాక మరేమిటి?

'ఒకే హోదా, ఒకే పింఛను' కథ చూడండి. ఆ న్యాయం కోసం ఢిల్లీలోని జంతర్ మంతర్ వద్ద కూర్చున్న ముసలి సైనికులను 2015 ఆగస్టు 14న, అంటే స్వాతంత్ర్య దినోత్సవానికి ఒక్కరోజు ముందు, పోలీసులు ఈడ్చివేశారు. వారి ఛాతీలపై పతకాలున్నాయి. ఆ తరువాత నవంబరులో ఉత్తర్వు వచ్చింది. అయిదేళ్ళకోసారి సవరిస్తామన్నారు. 2019 జులై నుంచి జరగవలసిన సవరణకు 2022 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. బకాయిలను వాయిదాలలో ఇస్తామంటే కోర్టు మళ్ళీ మందలించి, 2024 ఫిబ్రవరి నాటికి ముగించాలని గడువు పెట్టింది. ఈ మధ్యలో కన్నుమూసిన వృద్ధులు ఆ పైకాన్ని ఏ బజారులో ఖర్చు పెట్టుకోవాలి?

ఇక వైద్యం. మాజీ సైనికుల వైద్య పథకం, అందరూ ఈసీహెచ్‌ఎస్ అని పిలిచేది, 2003 ఏప్రిల్ 1న మొదలైంది. పేరులోనే 'కాంట్రిబ్యూటరీ' అన్న మాట ఉన్నది, అనగా సభ్యుడు తన వంతు చెల్లించి చేరిన పథకమే గాని ఉచితంగా పంచిపెట్టినది కాదు. దేశమంతటా నాలుగు వందలకు పైగా పాలిక్లినిక్కులు, యాభై లక్షలకు పైగా లబ్ధిదారులు. 2025-26లో దీనికి ఇచ్చింది 8,317 కోట్లు. భాగహారం చేసి చూస్తే మనిషికి ఏడాదికి పదిహేను వేల రూపాయలకు అటూ ఇటూ పడుతుంది. లబ్ధిదారులలో ఎక్కువమంది గుండె జబ్బులు, మధుమేహం, కీళ్ళ అరుగుదల మొదలైన వయసువారు. ఒక్క స్టెంటు వేయించుకుంటే ఆ లెక్క ఎన్నేళ్ళకు సరిపోతుంది? నిధులు చాలనప్పుడు జరిగేది అందరికీ తెలిసినదే. ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు నెలల తరబడి పేరుకుపోతాయి. ఆసుపత్రివాళ్ళు కార్డు చూడగానే "బెడ్లు ఖాళీ లేవు" అంటారు. నగదు కట్టండి, తరువాత రీయింబర్స్ చేయించుకోండి అంటారు. పాలిక్లినిక్కులో మందు లేకపోతే బయట కొనుక్కుని బిల్లు పెట్టాలి. మందుల కొరతనూ చెల్లింపుల ఆలస్యాన్నీ 2015లోనే కాగ్ తన నివేదికలో ఎత్తిచూపింది. చూపిన వేలు అలాగే ఉన్నది. పని మాత్రం కదలలేదు.

వికలాంగ పింఛను సంగతి ఇంకా బాధాకరం. భర్తీ సమయంలో ఆరోగ్యవంతుడని సైన్యపు వైద్యులే ధ్రువీకరించిన యువకునికి సేవలో జబ్బు చేస్తే, ఆ జబ్బు సేవవల్లనే వచ్చిందని భావించాలని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని రుజువు చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిది. అయినా అదే ప్రశ్నపై ఒక్కొక్క జవానునూ ట్రిబ్యునల్ గడప తొక్కించడం, గెలిచినవానిపై అప్పీలుకు పోవడం ఆగలేదు. చెన్నై బెంచి పరిధిలో ఉన్న మన తెలుగు జిల్లాల జవాను కుంటికాలితో ఆ న్యాయం వెంట ఎంత దూరం నడవగలడు?

వీటన్నిటికీ ప్రభుత్వం కనిపెట్టిన పరిష్కారం అగ్నిపథ్. పింఛను భారమైతే పింఛనుదారుడే లేకుండా చేస్తే సరి అన్నట్లుగా 2022 జూన్ 14న ప్రకటించారు. నాలుగేళ్ళ కొలువు, తరువాత నూటికి ఇరవై అయిదుగురికి మించి ఉంచరు. మిగిలినవారికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, ఈసీహెచ్‌ఎస్ కార్డు లేదు, మాజీ సైనికుడన్న హోదా సైతం లేదు. సేవా నిధి పేరుతో చేతిలో పెట్టే 11.71 లక్షలలో దాదాపు సగం వాడి జీతంలోంచి నెలనెలా కోసినదే. అగ్నివీరుడు విధి నిర్వహణలో ప్రాణం విడిస్తే ఏకమొత్తంగా పరిహారం వస్తుందిగాని, పక్కనే నేలకొరిగిన రెగ్యులర్ జవాను భార్యకు వచ్చే కుటుంబ పింఛను వాని కుటుంబానికి రాదు. తూటాకు తేడా తెలియదు, ఉత్తర్వుకు తెలుసు. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషనులో చెలరేగిన ఆగ్రహాన్నీ, పోలీసు కాల్పులలో పోయిన ఒక యువకుని ప్రాణాన్నీ తెలుగువాడు మరువలేడు. రైళ్ళు తగలబెట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఆ పిల్లలు అడిగిన ప్రశ్నకు నేటికీ జవాబు రాలేదు. మొదటి బ్యాచికి 2026 చివరినుంచి నాలుగేళ్ళు నిండుతాయి. ఇరవై ఒకటో, ఇరవై అయిదో ఏట ఇంటికి వచ్చే ఆ యువకులలో మన బస్తీ పిల్లలూ ఉంటారు.

ఈ పత్రికలో ఇదంతా ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మన దేశభక్తికి రుజువు అడిగినప్పుడల్లా మనం ఎవరి పేర్లు చెబుతున్నామో గుర్తు చేసుకోండి. 1948 జులై 3న ఝంగర్‌లో నేలకొరిగిన బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్ పేరు చెబుతాం. 1965లో అసల్ ఉత్తర్ వద్ద పాకిస్తాన్ ట్యాంకులను పేల్చి పరమవీర చక్ర పొందిన హవల్దార్ అబ్దుల్ హమీద్ పేరు చెబుతాం. చెప్పవలసిందే. అయితే 2020 డిసెంబరులో ఢిల్లీలోని ఉస్మాన్ సమాధి రాయి పగిలి ఉన్నదని వార్త వస్తే, దాన్ని బాగుచేయించినది సైన్యం. ఆయన పేరును సర్టిఫికెట్‌లా జేబులో పెట్టుకుని తిరిగిన మనం ఆయన సమాధి వైపు తొంగి చూడలేదు. పక్క గల్లీలో ఉన్న మాజీ నాయక్ గారి ఇంటి తలుపూ మనం తట్టలేదు.

రాజ్యం తీరు ఇంకా కఠినం. అస్సాంకు చెందిన ముహమ్మద్ సనావుల్లా ముప్పై ఏళ్ళు సైన్యంలో పనిచేశారు. 2019 మేలో ఆయనను విదేశీయుడని ట్రిబ్యునల్ తేల్చింది, నిర్బంధ శిబిరానికి పంపారు. గువాహటి హైకోర్టు బెయిలు ఇస్తే జూన్‌లో బయటికి వచ్చారు. సేవ చేసినన్నాళ్ళూ భారతీయుడు, పింఛను తీసుకునే వేళకు పరాయివాడు! సైన్యంలో ముస్లింలు ఎందరని సచార్ కమిటీ అడిగినప్పుడు 2006లో దేశమంతా గగ్గోలు లేచింది, ఆ లెక్క నివేదికలోకి రానేలేదు. మనవారు ఎందరు చేరుతున్నారో, ఎందరు రిటైరయ్యారో, ఎందరి వితంతువులు పింఛను కోసం తిరుగుతున్నారో లెక్క లేదు. లెక్కలో లేనివాడు బడ్జెట్‌లోనూ ఉండడు.

కాబట్టి అడగవలసినవి గట్టిగా అడుగుదాం. ఈ హక్కులు అన్ని మతాల సైనికులవీ కనుక అందరితో కలిసి అడుగుదాం. పేరులో అక్షరం తేడా ఉన్నదని కుటుంబ పింఛను ఆపరాదు. జిల్లా సైనిక సంక్షేమ అధికారి ధ్రువీకరణతో తాత్కాలికంగానైనా చెల్లిస్తూనే తప్పు దిద్దాలి. ఆసుపత్రుల బిల్లులకు గడువు విధించి, ఏ జిల్లాలో ఎంత బకాయి ఉన్నదో బహిరంగంగా ప్రకటించాలి. తేలిపోయిన న్యాయంపై వికలాంగ జవాన్లను మళ్ళీ కోర్టులకు ఈడ్వరాదు. అగ్నివీరులకు మాజీ సైనికుల హోదా, వైద్యం, అమరుల కుటుంబాలకు పింఛను ఇవ్వాలి. డిశ్చార్జి పుస్తకం చేతిలో ఉన్న మనిషిని పౌరసత్వం రుజువు చేసుకోమని నిలదీయరాదు.

మన చేతిలో ఉన్న పని మనమూ చేద్దాం. ప్రతి మస్జిద్ కమిటీ తన మొహల్లాలోని మాజీ సైనికుల, వారి వితంతువుల పేర్లతో ఒక రిజిస్టరు పెట్టాలి. భర్త బతికి ఉండగానే నికాహ్‌నామా, ఆధార్, డిశ్చార్జి పుస్తకం, బ్యాంకు పాసు పుస్తకాలలో భార్య పేరు ఒకే తీరుగా ఉన్నదో లేదో సరిచూడాలి. ఏడాదికోసారి ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని 'స్పర్శ్' పోర్టల్‌లో నమోదు చేయడానికి ఫోను వాడటం వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళు చాలు. జుమా తరువాత ఒక అరగంట చాలు.

ఆ ముసలి తల్లికి పద్నాలుగు నెలల తరువాత పింఛను వచ్చింది, బకాయితో సహా. మిఠాయి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నాకు సంతోషం కన్నా సిగ్గే ఎక్కువ వేసింది. ఆమె సొంత సొమ్ము ఆమెకు చేరినందుకు ఆమె మనకు మిఠాయి పెట్టే రోజు మళ్ళీ రాకూడదు. వచ్చే డిసెంబరు 7న కాగితపు జెండా గుచ్చుకునే ప్రతి అధికారినీ, ప్రతి నాయకుణ్ణీ ఒక్క మాట అడగండి: "మీ జిల్లాలో ఆగిపోయిన సైనికుల ఫైళ్ళు ఎన్ని?" జవాబు వచ్చేదాకా ఆ ప్రశ్నను వదలకండి.