పరిశోధన దశలోనే రుణం అందాలి: ఆర్థిక శాఖకు బహిరంగ లేఖ

కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖకు,

హైదరాబాదులో 1993లో మొదలైన టీకాల సంస్థ శాంతా బయోటెక్నిక్స్‌కు తొలి దెబ్బ సాంకేతికత దగ్గరే తగిలింది. హెపటైటిస్-బి టీకా తయారీ విధానం ఇవ్వడానికి విదేశీ సంస్థ ఒప్పుకోలేదు. స్థాపకుడు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి చదివింది ఎలక్ట్రానిక్స్. అయినా ఆ విధానాన్ని ఇక్కడే రూపొందించడానికి పూనుకున్నారు. ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తల బృందం శ్రమించింది. రెండో దెబ్బ డబ్బుది. బ్యాంకులు ముఖం చాటేస్తే, ఒమన్ నుంచి వచ్చిన పెట్టుబడి ఆదుకుంది. 1997లో శాంతా టీకా శాన్‌వాక్-బి విడుదలై, దిగుమతి టీకా కన్నా ఎంతో చవకగా దొరికింది.

హైదరాబాదు ప్రయోగశాలకు గల్ఫ్ సొమ్ము దిక్కవడం బాధాకరం. తాకట్టు లేని రుణాలకు హామీ ఇచ్చే నిధి 2000లో ఏర్పడి చిన్న పరిశ్రమలకు మేలు చేసింది. అమ్మకాలు మొదలుకాని పరిశోధనకు మాత్రం రుణం పుట్టడం ఇప్పటికీ కష్టమే. అటువంటి పరిశోధనకు వచ్చే రుణ దరఖాస్తులను శాస్త్రవేత్తల సంఘం పరిశీలించాలి. ఫలితం తేలేదాకా వాయిదాలు అడగకూడదు. నిజాయితీగా ప్రయత్నించి విఫలమైన స్థాపకుడికి రెండోసారి దరఖాస్తు చేసుకునే అర్హత నిబంధనల్లోనే ఉండాలి.